బీటెక్ తర్వాత వైండింగ్ షాపు: దేవరకొండ వైపు నుంచి ఒక కేస్ స్టడీ

ఈ కేసు ఒక యువకుడిది. నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు ఒక పల్లె. 2019లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో బీటెక్ పాసయ్యాడు. 2024 ఎండాకాలంలో నా దగ్గరికి వచ్చేనాటికి వయసు ఇరవై ఆరు. అప్పటిదాకా జీతం వచ్చే పని ఏదీ చేయలేదు. ఇప్పుడు మా దగ్గర, కాలిన మోటార్లకు మళ్ళీ తీగ చుట్టే ఒక వైండింగ్ షాపులో ఉన్నాడు, బోరు మోటార్లకు స్టార్టర్ ప్యానెళ్ళు కడుతున్నాడు. అతనూ, షాపు యజమానీ ఒప్పుకున్న తర్వాతే ఇది రాస్తున్నాను. పేర్లు, ఊరు మాత్రం రాయడం లేదు.

నేను ప్రభుత్వ ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చెబుతాను. అడ్మిషన్ల రోజుల్లో వచ్చే తల్లిదండ్రులు చాలామంది ఒకటే అడుగుతారు: "సార్, ఐటీఐ మంచిదా, డిగ్రీ మంచిదా?" పిల్లవాడు నేర్చుకునే తొలి రోజుల్లో పక్కన పని తెలిసిన మనిషి ఉంటాడా, తప్పు చేస్తే చెయ్యి పట్టుకుని దిద్దుతాడా అన్నది ముందు చూడమని నేను వాళ్ళకు చెబుతాను. అలాంటి మనిషి దొరికితే రెండేళ్ళ ఐటీఐ అయినా, నాలుగేళ్ళ బీటెక్ అయినా అక్కరకొస్తుంది. దొరక్కపోతే రెండూ బీరువాలో కాగితాలవుతాయి. మిషన్లు లేని ప్రైవేటు ఐటీఐలు నేను చూశాను. ల్యాబ్ తాళం తీయని ఇంజనీరింగ్ కాలేజీలు కూడా ఉన్నాయి. ఈ అబ్బాయి చదివింది అలాంటి కాలేజీలోనే.

వచ్చిన పని

తండ్రే కొడుకును వెంటబెట్టుకొని వచ్చాడు. "మావోడు కరెంటు ఇంజనీరు సదివిండు సారూ. లైన్‌మెన్ నౌకరైనా దొరుకుతదేమో జర చెప్పు" అన్నాడు. కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) జూనియర్ లైన్‌మెన్ నోటిఫికేషన్లలో పదో తరగతితో పాటు ఐటీఐ ఎలక్ట్రికల్ గానీ వైర్‌మ్యాన్ గానీ, లేదంటే ఇంటర్ ఒకేషనల్‌లో ఎలక్ట్రికల్ గానీ అడుగుతున్నారు. పైగా స్తంభం ఎక్కే పరీక్ష ఉంటుంది. బీటెక్ ఒక్కటే ఉంటే ఆ ఉద్యోగానికి చెల్లదు. పెద్ద చదువు చదివినవాడికి చిన్న ఉద్యోగానికి అర్హత లేదంటే ఆ తండ్రికి నమ్మబుద్ధి కాలేదు. "అంటే ఎక్కువ సదివితే తప్పా సారూ?" అని అడిగాడు. తప్పు కాదు, అది వేరే పనికి వేరే చదువు అని చెప్పడానికి చాలాసేపు పట్టింది.

ఆ ఇంటి సంగతి కొంత చెప్పాలి. తాత ఊళ్ళో దొర దగ్గర జీతం ఉన్నాడు, అంటే పాలేరు. తండ్రి కూలికి పోయి, పైసా పైసా కూడబెట్టి మూడెకరాలు చేశాడు. బత్తాయి తోట పెట్టాడు. రెండు బోర్లలో ఒకటి ఎండిపోయింది. కొడుకు బీటెక్ సీటు కన్వీనర్ కోటాలోనే వచ్చింది. ర్యాంకు పదివేలు దాటినందువల్ల రీయింబర్స్‌మెంట్ ఏడాదికి 35,000 దగ్గరే ఆగింది, మిగతా ఫీజు, హాస్టల్ ఇంటి నుంచే. ఆఖర్లో ప్రభుత్వం నుంచి డబ్బు రాలేదని కాలేజీ వాళ్ళు సర్టిఫికెట్లు ఆపారు. అప్పు చేసి కట్టి తెచ్చుకున్నారు.

తర్వాత హైదరాబాద్‌లో కోచింగ్. 2022 అక్టోబర్‌లో గ్రూప్-1 ప్రిలిమ్స్ రాశాడు. పేపర్ లీకేజీ బయటపడి 2023 మార్చిలో అది రద్దయింది. జూన్‌లో మళ్ళీ రాశాడు. సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. ఆ ఏడాది చివర్లో గది ఖాళీ చేసి ఇంటికొచ్చేశాడు. ఇందులో అతని తప్పు నాకు ఎక్కడా కనిపించదు.

"చదువు దండగ, చేతిపని నేర్చుకోండి" అని ఈ మధ్య వీడియోల్లో తేలిగ్గా చెప్పేస్తున్నారు. ఇలాంటి ఇంట్లో కూర్చొని ఆ మాట అనడానికి నాకు నోరు రాదు. మన నల్లగొండ జిల్లాలో వెట్టిచాకిరీ మీద జనం తిరగబడింది 1946 నుంచి. అది చూసినవాళ్ళ మనుమలే ఇవాళ కాలేజీలకు పోతున్నారు. కులాన్ని బట్టి చేతిలో పని పెట్టిన ఊళ్ళలో, ఆ పని నుంచి బయటపడేసింది చదువే. "మా అయ్య దొరకాడ జీతమున్నడు. నేను కూలి చేసిన. వీడు మళ్ళ నూనె గుడ్డ పట్టుకొని కూసుంటే నా కష్టమంతా యాడికి పోయినట్టు?" అని ఆ తండ్రి అడిగినప్పుడు, అది చేతిపని అంటే చిన్నచూపు ఉండి అన్న మాటగా నేను తీసుకోలేదు. మూడు తరాల లెక్క చూసుకుని అన్న మాట అది. చేతిపని విలువ గురించి మాట్లాడేవాళ్ళు ముందు దీనికి జవాబు చెప్పాలి. నా జవాబు ఒక్కటే: పని నేర్చుకున్నా కూలి ధర ఎవరో నిర్ణయిస్తే అది జీతం ఉండటమే. పని నేర్చుకుని, లైసెన్సు చేతికొచ్చి, ధర తాను చెప్పే స్థితికి చేరితే అది వేరే జీవితం. ఈ కేసులో నేను చేసిన ప్రయత్నమంతా ఆ రెండో దాని కోసమే.

చేసి చూపించమన్నప్పుడు

మర్నాడు వర్క్‌షాపుకు రమ్మన్నాను. ముందు కాగితం ఇచ్చి, మోటారును నేరుగా లైనుకు కలిపే డీఓఎల్ స్టార్టర్ సర్క్యూట్ గీయమన్నాను. తడుముకోకుండా గీశాడు. స్టాప్ బటన్ ఎన్‌సీ (నొక్కేదాకా కలిసే ఉండేది), స్టార్ట్ బటన్ ఎన్‌ఓ (నొక్కితేనే కలిసేది), దానికి సమాంతరంగా, బటన్ వదిలినా మోటారును తిరగనిచ్చే కాంటాక్టర్ హోల్డింగ్ కాంటాక్టు, వరుసలో భారం ఎక్కువైతే ఆపేసే ఓవర్‌లోడ్ రిలే. మా రెండో సంవత్సరం పిల్లల్లో ఇంత శుభ్రంగా గీసేవాళ్ళు తక్కువ.

అదే బోర్డు మీద కనెక్షన్ ఇవ్వమన్నాను. వైరు పైతొడుగు తీసేటప్పుడు లోపలి రాగి పోగులు రెండు మూడు తెగిపోయాయి, అతను గమనించలేదు. వైరు చివర తొడిగే లగ్ నొక్కాక లాగి చూడలేదు. స్క్రూ ఎంత బిగించాలో చేతికి తెలియలేదు. వైరు తొడుగులోంచి కరెంటు కారుతోందా అని చూసే మెగ్గర్ ఎందుకు వాడతారో పుస్తకంలో ఉన్నట్టు చెప్పాడు కానీ దాన్ని ఎప్పుడూ చేత్తో తిప్పలేదు. నాలుగేళ్ళ ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో ఒక మోటారు విప్పి చూడలేదట. ల్యాబ్ రికార్డులు సీనియర్ల నుంచి దించి రాసేవాళ్ళం అన్నాడు. చెప్పేటప్పుడు తల దించుకున్నాడు. నేర్పాల్సినవాళ్ళు నేర్పకపోతే నువ్వెందుకు తల దించుకోవాలి అన్నాను.

నాకు తేలింది ఇది: బుర్రలో సరుకుంది, ఆసక్తి ఉంది, చేతికి మాత్రం అలవాటు లేదు. అలవాటు లేకపోవడం కంటే పెద్ద చిక్కు వయసు. పదహారేళ్ళ కుర్రవాణ్ణి ఉస్తాద్ "అరే, ఇటు రా" అని తిట్టి నేర్పుతాడు. ఇరవై ఆరేళ్ళ బీటెక్‌ను తిట్టడానికి ఉస్తాద్‌కు మొహమాటం, తిట్టించుకోవడానికి ఇతనికి నామోషీ. చదువైపోయాక గడిచిన ఆ ఖాళీ సంవత్సరాల అసలు ఖరీదు ఇక్కడ కనిపిస్తుంది. ఇంట్లో వాళ్ళు ఫీజు లెక్క చూస్తారు, ఇది ఎవరూ చూడరు.

దారులు నాలుగున్నాయి. ఐటీఐలో చేరడానికి గరిష్ఠ వయసు అడ్డం కాదు, ఆగస్టులో చేరొచ్చు. కానీ ఎలక్ట్రీషియన్ రెండేళ్ళ ట్రేడ్, అందులో సగం అతనికి తెలిసినదే. అప్రెంటిస్ చట్టం కింద గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌గా ఏడాదిపాటు ఏదైనా ఫ్యాక్టరీలో చేరొచ్చు, స్టైపెండ్ ఇస్తారు. జడ్చర్ల దగ్గర పోలేపల్లి వైపు గానీ, హైదరాబాద్ చుట్టూ గానీ వెళ్ళాలి. ఉన్న ఒక్క బోరునూ, నడుం నొప్పితో ఉన్న తండ్రినీ వదిలి వెళ్ళలేనన్నాడు. మూడోది మరో ఏడాది కోచింగ్. ఆ మాట ఎత్తగానే అతనే వద్దన్నాడు. నాలుగోది వైండింగ్ షాపు.

మా ప్రాంతంలో వ్యవసాయం బోరు మీద నడుస్తుంది, బోరు మోటారు మీద నడుస్తుంది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలయ్యాక మోటార్లు తిరిగే గంటలు పెరిగాయి. నీళ్ళు లోతుకు పోతే మోటారు మీద భారం పెరుగుతుంది. ఎండాకాలం వచ్చిందంటే వైండింగ్ షాపుల ముందు ట్రాలీ ఆటోలు నిలబడే ఉంటాయి. అక్కడ ఒక్క సీజన్‌లో చూసే రిపేర్లు మా ఐటీఐలో రెండేళ్ళకు కూడా చూపించలేం. మా పాత విద్యార్థి ద్వారా తెలిసిన, సొంత షాపు ఉన్న ఒక ఉస్తాద్‌తో మాట్లాడాను. ఏడో తరగతి దాకా చదివిన మనిషి, చేయి చాలా శుభ్రం. "సదువుకున్న పిలగాడు నిలబడడు సారూ, నెల తిరిగేసరికి పోతడు" అన్నాడు. నెల చూడు, తర్వాత నీ ఇష్టం అన్నాను. హెల్పర్ కూలి మొదటి వారం నుంచే ఇవ్వాలని కూడా ముందే మాట తీసుకున్నాను. పని నేర్పుతున్నాం కదా అని ఊరికే చేయించుకోవడం మన షాపుల్లో పాత అలవాటు, దానికి నేను ఒప్పుకోను.

షాపులో

మొదట్లో అతని పని కాలిన వైండింగ్ తీయడం. తీసే ముందు డేటా రాసుకోవాలి: ఎన్ని స్లాట్లు (తీగ కూర్చునే గాడులు), ఒక్కో కాయిల్‌కు ఎన్ని చుట్లు, ఏ గేజీ వైరు, కాయిల్ ఏ స్లాట్ నుంచి ఏ స్లాట్‌కు పోయింది. ఇది తప్పితే కొత్త వైండింగ్ మొత్తం తప్పుతుంది. ఉస్తాద్ ఇవన్నీ గుర్తుపెట్టుకుని చేసేవాడు, లేకపోతే గోడ మీద సుద్దతో రాసేవాడు. ఇతను నోట్‌బుక్ పెట్టాడు.

సబ్‌మెర్సిబుల్ మోటారు వైండింగ్ చాలా ఓపిక పని. మామూలు మోటారుకు అచ్చు మీద కాయిల్ చుట్టి స్లాట్‌లో దించుతాం. నీళ్ళలో మునిగి ఉండే మోటారుకు ప్లాస్టిక్ తొడుగున్న వైరును ఒక్కో చుట్టూ చేత్తో స్లాట్‌లోంచి అటు దూర్చి ఇటు లాగాలి. ఎక్కడైనా తొడుగు గీసుకుపోయిందా, మోటారు బోరులోకి దిగాక ఎర్త్ అవుతుంది, అంటే కరెంటు బయటికి కారిపోతుంది. అప్పుడు పైపులన్నీ మళ్ళీ పైకి లాగాలి, రైతుకు రెండింతల ఖర్చు. అతను మొదట కట్టిన స్టేటర్‌ను (మోటారులో తిరగకుండా ఉండి, వైండింగ్ కూర్చునే భాగం) ఉస్తాద్ నీళ్ళ తొట్టిలో ముంచి మెగ్గర్ పెట్టి చూశాడు, రీడింగ్ పడిపోయింది. మాట అనకుండా వైరంతా లాగేసి మళ్ళీ చేయమన్నాడు. ఆ సాయంత్రం అతను నాకు ఫోన్ చేశాడు. మానేస్తానంటాడేమో అనుకున్నాను. తొడుగు ఎక్కడ గీసుకుపోతోందో కనిపెట్టడం ఎలా అని అడిగాడు. ఇతను నిలబడతాడని నాకు నమ్మకం కుదిరింది అప్పుడే. స్లాట్ అంచు చేత్తో తడిమి చూడు, గరుకు ఉంటే ముందు దాన్ని నున్నగా చేయి అని చెప్పాను.

కాలిన మోటారు విప్పగానే ఉస్తాద్ ఒక్క చూపు చూసి "రెండు ఫేజుల మీద తిరిగింది" అనేసేవాడు. ఎలా తెలిసిందని అడిగితే "గట్లనే కాలుతది" అనేవాడు. అబ్బాయి ఆలోచించి కారణం చెప్పాడు. ఈ మోటార్లకు కరెంటు మూడు లైన్ల మీద వస్తుంది, ఒక్కో లైను ఒక ఫేజు. మూడు ఫేజుల కాయిళ్ళ చివరలను ఒకచోట కలిపే స్టార్ కనెక్షన్‌లో ఒక ఫేజు పోతే మిగతా రెండు ఫేజుల కాయిళ్ళలోంచి ఎక్కువ కరెంటు పోతుంది, ఆ రెండూ నల్లబడతాయి, మూడోది కొత్తదానిలా ఉంటుంది. కాయిళ్ళను త్రికోణంలా కలిపే డెల్టా అయితే తిరగేసి ఉంటుంది, ఒక్క ఫేజు కాయిళ్ళు కాలి మిగతా రెండూ బాగుంటాయి. ఇది నేను క్లాసులో ఏటా చెప్పే పాఠమే. ఉస్తాద్‌కు చూపు తెలుసు, ఇతనికి కారణం తెలుసు. ఆ రోజు కాలిన స్టేటర్ ముందు కూర్చుని ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారట. ఆ సంగతి ఉస్తాదే నాకు చెప్పాడు, చెబుతుంటే మొహం వెలిగిపోయింది.

డిగ్రీ ఎందుకు పనికొచ్చిందని ఎవరైనా అడిగితే ఈ నోట్‌బుక్ గురించి చెబుతాను. వచ్చిన ప్రతి మోటారుకు ఊరు, హెచ్‌పీ, ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉంది, ఎలా కాలింది అన్నవి రాస్తూ పోయాడు. కొన్నాళ్ళకు ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లు పదే పదే వస్తున్నట్టు తేలింది. అన్నీ ఒకే తీరుగా కాలినవే. సెలవు రోజున ఆ ఊరికి పోయి స్టార్టర్ల దగ్గర వోల్టేజీ చూశాడు. మూడు ఫేజులూ సమానంగా లేవు. వోల్టేజీలో తేడా రెండు శాతమే ఉన్నా, మోటారు లాగే కరెంటులో తేడా దానికి ఆరు నుంచి పది రెట్లు కావచ్చు. రైతుకు మోటారు తిరుగుతున్నట్టే ఉంటుంది, లోపల కాయిల్ ఉడుకుతూ ఉంటుంది. ఒక ఫేజు పోతే మోటారును ఆపేసే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్లను చాలామంది తీసేసి డైరెక్ట్ చేసుకున్నారు, మాటిమాటికీ ట్రిప్ అవుతోందని. రైతులందరి చేత సంతకాలు పెట్టించి, రీడింగులు జతచేసి సబ్‌స్టేషన్‌లో అర్జీ ఇప్పించాడు. లోడు సరిచేశారు, వదులైన ఫ్యూజు వైర్లు మార్చారు. వాళ్ళ పేరున అర్జీ రాయగలగడం, అంకెలు చూపించగలగడం, ఆఫీసులో నిలబడి మాట్లాడగలగడం చదువు వల్లే వచ్చాయి. స్టార్టర్ మూత విప్పి చెయ్యి పెట్టే ధైర్యం మాత్రం షాపు వల్ల వచ్చింది.

దీంతో ఉస్తాద్‌కు కొంచెం కష్టమనిపించింది. "మోటార్లు కాలకపోతే మనం ఏం తింటం కొడుకా?" అని సూటిగా అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. అతని ఇల్లు నడిచేది కాలిన మోటార్ల మీద. ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడాను. కాలకుండా ఆపే ప్యానెల్ కూడా షాపే అమ్మవచ్చు కదా అన్నాడు అబ్బాయి. వోల్టేజీ తగ్గినా, ఫేజు పోయినా, బోరులో నీళ్ళు అయిపోయి మోటారు ఉత్తగా తిరుగుతున్నా ఆపేసే ప్యానెల్. ఇప్పుడు వైండింగ్ ఉస్తాద్‌ది, ప్యానెల్ ఇతనిది, షాపు అద్దెలో ఇతనూ కొంత కడతాడు. ట్రిప్ అయిన ప్రతిసారీ రైతు కోపంతో ఫోన్ చేస్తాడు, ఇతను పొలానికి పోయి ఎందుకు ఆగిందో చూపిస్తాడు. ప్రివెంటర్ తీసేయకుండా రైతును ఒప్పించడం ప్యానెల్ కట్టడం కంటే కష్టమైన పని.

ఇంకా తేలనివి

డబ్బు విషయానికొస్తే, సీజన్‌లో బాగానే మిగులుతుంది, వానలు పడ్డాక సన్నబడుతుంది. సర్టిఫికెట్ల కోసం చేసిన అప్పు తీర్చాడు. పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. రోజంతా వంగి కూర్చునే పని, నడుం నొప్పి ఇప్పుడే మొదలైంది. ఎత్తైన బల్ల చేయించుకోమని పోరుతున్నాను. పెళ్ళి సంబంధాలు బీటెక్ అని వస్తున్నాయి, వైండింగ్ షాపు అనగానే ఆగుతున్నాయి. తండ్రి ఇప్పటికీ ఊళ్ళో "కరెంటు ఇంజనీరు" అనే చెబుతాడు. అందులో నాకు అబద్ధం కనిపించదు.

లైసెన్సు దగ్గర పెద్ద చిక్కు వచ్చింది. ఎలక్ట్రికల్ డిగ్రీ ఉన్నవాళ్ళు పని అనుభవం చూపించి సూపర్‌వైజర్ పర్మిట్‌కు అడగవచ్చు. అది ఉంటే కాంట్రాక్టు పనులకు దారి తెరుచుకుంటుంది. కానీ రిజిస్ట్రేషన్ లేని వైండింగ్ షాపు ఇచ్చే అనుభవ పత్రాన్ని ఎవరూ లెక్కచేయరు. అందుకని ఇతన్ని వారానికి కొన్ని రోజులు లైసెన్సు ఉన్న ఒక కాంట్రాక్టర్ దగ్గర ఇళ్ళ వైరింగ్‌కు పంపుతున్నాం. షాపును చిన్న వ్యాపారాల నమోదు కోసం ప్రభుత్వం పెట్టిన ఉద్యం పోర్టల్‌లో నమోదు చేయించాం. అది ఆధార్‌తో ఉచితంగా అయ్యే పని, అయినా ఉస్తాద్ ఇన్నేళ్ళుగా చేయించుకోలేదు. ట్యాక్సు వాళ్ళు వస్తారని ఎవరో భయపెట్టారట.

నన్ను ఇప్పుడు ఎక్కువగా ఆలోచనలో పడేస్తున్నది అదే షాపులోని ఇంకో కుర్రవాడు. పందొమ్మిదేళ్ళు. ఏడో తరగతిలో బడి మానేశాడు. బీటెక్ అబ్బాయికి వైరు లాగడం నేర్పింది నిజానికి ఇతనే. ఉస్తాద్ తర్వాత ఆ షాపులో అంత మంచి చేయి ఇంకొకరిది లేదు. కానీ చేతిలో ఏ కాగితమూ లేదు. వైర్‌మ్యాన్ ట్రేడ్‌కు ఎనిమిది పాసవ్వాలి, ఎలక్ట్రీషియన్‌కు పది. లైన్‌మెన్ ఉద్యోగానికి పనికిరాడు, సూపర్‌వైజర్ పర్మిట్‌కు పనికిరాడు. పాలమూరు నుంచి వలసపోయి ఊళ్ళ నిండా ఇళ్ళు కట్టిన మేస్త్రీల్లో చాలామంది జీవితాంతం లేబర్ అనే పేరుతోనే ఉండిపోయింది ఇందుకే. చేతిలో పనంతా ఉంది, అది వాళ్ళదని చెప్పే కాగితం లేదు.

ఈ కుర్రవాడి చేత ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టించాం. లెక్కలు, సైన్సు ఇంకా మిగిలాయి. బీటెక్ అబ్బాయి షాపు మూశాక చెబుతున్నాడు, సర్క్యూట్ల నుంచి మొదలుపెట్టి లెక్కల్లోకి తీసుకెళ్తే త్వరగా పడుతోందంటున్నాడు. అవి పాసైతే వచ్చే ఆగస్టులో మా ఐటీఐలోనే ఎలక్ట్రీషియన్‌లో చేర్చుకోవాలని నా ప్రయత్నం. అయితే చేరితే రెండేళ్ళు పగటి సంపాదన పోతుంది, ఆ ఇల్లు అతని కూలి మీదే నడుస్తోంది. సాయంత్రాలు, ఆదివారాలు పని ఇస్తానని ఉస్తాద్ ఒప్పుకున్నాడు. వాళ్ళ అమ్మ ఇంకా ఏ మాటా చెప్పలేదు. ఈ నెలలో ఇంకోసారి వెళ్ళి మాట్లాడాలి.